దేవుడి హెల్మెట్: అన్సెల్మ్ అని పేరు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా ఆయన జర్మన్, ఆరేళ్లుగా ఫ్రైబుర్గ్‌లో ఉంటున్నాం. ఇప్పుడు నాకు ఏడో నెల, బాబు అని ఇక్కడి డాక్టర్ చెప్పారు. తన తాతగారి పేరు అన్సెల్మ్ అని, అదే పెడదామని మా ఆయన పట్టుబడుతున్నారు. నేను వద్దనలేదు, అలాగని ఇష్టంగా ఒప్పుకోనూ లేదు. అమ్మ వీడియో కాల్‌లో మూడుసార్లు పలికించుకుని "ఏదో మందు బిళ్ల పేరులా ఉందే" అంది. నాన్న నెట్‌లో వెతికి, అది క్రైస్తవ సన్యాసి పేరట, పైగా అసురులకీ దానికీ ఏదో సంబంధం ఉందట అని టెన్షన్ పడుతున్నారు. నా ఆఫీసులో అమ్మాయిలేమో ముసలాళ్ల పేరు అని నవ్వుతున్నారు. అసలు దీని అర్థం ఏమిటి? ఎవరైనా పెట్టుకుంటున్నారా? పెడితే పిల్లాడు ఇబ్బంది పడతాడా?

సమాధానం: ముందు మీ అమ్మగారి సంగతి. ఆవిడకి పేరు నచ్చక అలా అనలేదు, నోరు తిరగక అన్నారు, అందులో ఆవిడ తప్పేం లేదు. తెలుగు మాట అచ్చుతో ముగియాలని చూస్తుంది, చివర్లో రెండు హల్లులు జంటగా వస్తే మధ్యలో ఓ అచ్చు దూర్చేదాకా మన నాలుక ఊరుకోదు. ఫిల్మ్‌ని మనం ఏం చేశాం? ఫిలిం చేశాం. ఇక్కడా అదే "ల్మ్", కాబట్టి మీ ఇంట్లో వాడు అన్సెలం అవుతాడు, మీ అమ్మమ్మగారు ఉంటే ఇంకో అడుగు ముందుకేసి అన్సెలము అంటారు. మీ ఆయన వైపు వాళ్లేమో మధ్యలో "స" కాకుండా తుమ్మెద ఝుంకారం లాంటి "జ" పలుకుతారు, అన్‌జెల్మ్ అని, ఊత మొదటి అక్షరం మీద. అంటే పుట్టకముందే పిల్లాడికి రెండు పేర్లు వచ్చేశాయి, దీని సంగతి తర్వాత చెప్తాను, అసలు చిక్కు అర్థంలో కన్నా ఇక్కడే ఉంది.

అర్థం దగ్గరికొద్దాం. ఇది రెండు ముక్కల పేరు, అన్స్, హెల్మ్. రెండో ముక్క మీకు బాగా తెలుసు, హైదరాబాద్‌లో పెట్టుకోకపోతే చలానా వచ్చేది అదే. హెల్మెట్ అనే మాట పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది గానీ వేరు జర్మానిక్ హెల్మే (జర్మన్, ఇంగ్లీషు లాంటి భాషల కుటుంబం జర్మానిక్), తలని కప్పి కాపాడేది అని. విలియం, విల్హెల్మ్ పేర్ల చివర ఉన్నదీ ఇదే, అక్కడ మొదటి ముక్క సంకల్పం. ఆ లెక్కన మీవాడు విలియంకి పినతండ్రి కొడుకు లాంటివాడు. ఇక అన్స్ అంటే దేవుడు, అయితే చర్చిలోని దేవుడు కాదు, అంతకుముందు ఆ భాషల తెగలు కొలుచుకున్న దేవుళ్ల జట్టు. ఉత్తర యూరప్ కథల్లో ఓడిన్, థోర్ ఉన్న దేవగణానికి ఏసిర్ అని పేరు, ఆ మాటా ఈ మాటా ఒకే వేరు నుంచి వచ్చాయి. ఇంగ్లీషులో ఇదే "ఆస్" అయ్యి ఆస్వాల్డ్ లాంటి పేర్లలో మిగిలింది, జర్మనీ ఉత్తరాన అన్స్‌గార్ అనే పేరులో ఉంది, అక్కడ దేవుడికి ఈటె తోడు.

మొత్తం కలిపితే దేవుడి హెల్మెట్, కాస్త మర్యాదగా చెప్పుకుంటే దైవరక్షణ. అయితే ఇలాంటి పేర్లని సమాసంలా విడగొట్టి విగ్రహవాక్యం చెప్పే పని పెట్టుకోకండి. పాత జర్మానిక్ తెగల్లో పేరు పెట్టడం అంటే మంచి మాటలు రెండు తీసుకుని అతికించడం, తరచు ఒక ముక్క ఇంటి పెద్దల పేరులోంచి వచ్చేది. ఇంగ్లండ్‌లో ఒక రాజు ఎథెల్‌వుల్ఫ్, కొడుకులు ఎథెల్‌బాల్డ్, ఎథెల్‌బెర్ట్, ఎథెల్‌రెడ్. మన ఇళ్లల్లో అన్నదమ్ములందరికీ ముందు వెంకట ఉన్నట్టే. వెంకట రమేష్ అంటే అర్థం ఏమిటని ఎవరైనా అడుగుతారా?

మీ నాన్నగారి అసురుడు. ఆయన వెతికింది తప్పుడు సమాచారమేం కాదు, సగం దగ్గర ఆగిపోయారంతే. అన్స్ అనే మాటకీ సంస్కృత అసురకీ ఒకే మూలం అయి ఉండొచ్చని భాషావేత్తల్లో బలమైన వాదన ఉంది, అందరూ ఒప్పుకున్నారని మాత్రం అనలేం. కానీ ఏ అసుర? ఋగ్వేదంలో వరుణుణ్ణి అసుర అని పిలుస్తారు, ఇంద్రుణ్ణీ అగ్నినీ కూడా, అక్కడ అది గౌరవం, శక్తిమంతుడైన ప్రభువు అని. ఇరాన్ వైపు అదే మాట అహుర అయ్యి అహుర మజ్దా అని ఏకంగా పరమదైవం పేరులో కూర్చుంది. మన దగ్గరే తర్వాత్తర్వాత రాక్షసుల వైపుకి జారింది. ఇంకో తమాషా, అసురలో ఉన్న "అ"ని "కాదు" అనే అర్థంలో తీసుకుని విడగొట్టి, దేవుళ్లకి "సుర" అనే మాటని ఆ తర్వాత తయారుచేసుకున్నారు. ముందు పుట్టింది అసురే. ఇదంతా నాన్నగారికి చెప్పండి, అయినా ఆయన మొహం తేరుకోకపోతే రెండో ముక్క చెప్పండి: హెల్మ్‌కి మూలమైన ధాతువుకి "కప్పడం" అని అర్థం, దాన్నుంచే మన శాల వచ్చిందంటారు, పాఠశాలలో శాల, పైన కప్పు ఉన్నది అని. శర్మ కూడా అదే కుటుంబమని కొందరు పెద్ద భాషావేత్తలు రాశారు, శర్మన్ అంటే సంస్కృతంలో ఆశ్రయం, రక్షణ. ఇప్పుడు అన్సెల్మ్‌ని ముక్కకి ముక్క సంస్కృతంలో పెట్టండి. దేవశర్మ! అర్థాన్నిబట్టి పోతే దేవవర్మ ఇంకా దగ్గర, వర్మ అంటే కవచం కదా. మందు బిళ్ల అనిపించిన పేరు పంచాంగం పక్కన పెట్టదగ్గ పేరు అయిపోయింది.

క్రైస్తవ సన్యాసి మాట నిజమే. పేరులో ఉన్నది పాత దేవుళ్లే అయినా ఊరూరా తెలిసేలా చేసింది ఆయనే. ఆల్ప్స్ కొండల్లో ఆవోస్తా అనే ఊళ్లో, ఇప్పుడది ఇటలీ, 1033 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి లాంబర్డు, 568లో ఇటలీలోకి దిగిన జర్మానిక్ తెగ అది, లాంబర్డీ అనే ప్రాంతానికి పేరు వాళ్లదే. వాళ్లల్లో అన్సెల్మ్ మామూలు పేరు. ఒక్కసారి మీ ఊరు గుర్తుచేసుకోండి: రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెలుగు చేస్తున్న రోజుల్లో ఈయన తండ్రితో గొడవపడి, ఇల్లు వదిలి, కొండలు దాటి ఫ్రాన్సు వైపు నడుచుకుంటూ పోతున్న కుర్రాడు. నార్మండీలో బెక్ అనే మఠంలో 1060లో చేరి, 1078కి దానికి పెద్దయ్యాడు. దేవుడున్నాడని తర్కంతో నిరూపించడానికి, "ఇంతకన్నా గొప్పది ఊహించలేం" అనదగ్గ దాని గురించి ఆయన చేసిన వాదన మీద యూరప్ తొమ్మిది వందల ఏళ్లకి పైగా తగువులాడుతూనే ఉంది. అంతకు ముందే మన మిథిలలో ఉదయనాచార్యుడు కూడా తర్కంతో ఇదే పని పెట్టుకున్నాడు, దారులు వేరు.

1093లో ఇంగ్లండ్ రాజు జబ్బుపడి, చావు భయంతో, ఈయన్ని కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా, అంటే అక్కడి చర్చికి పెద్దగా ఉండమన్నాడు. ఈయన వద్దన్నాడు. మంచం దగ్గరికి లాక్కెళ్లి చేతిలో అధికార దండం పెట్టబోతే పిడికిలి బిగించేశాడట, వేళ్లు విప్పబోతే నొప్పికి అరిచాడట, చివరికి మూసిన పిడికిలికే దండాన్ని ఆనించి అయిపోయిందనిపించారు. పక్కనే ఉండి ఆయన చరిత్ర రాసిన శిష్యుడి మాట ఇది. ఆ రాజు పేరు విలియం. ఆ తర్వాత ఇద్దరికీ ఒక్కరోజు పడలేదు, ఈయన దేశం వదిలి పోవాల్సి వచ్చింది. హెల్మెట్టూ హెల్మెట్టూ కొట్టుకున్నాయన్న మాట. 1102లో వెస్ట్‌మినిస్టర్‌లో ఈయన పెట్టిన సభ, మనుషుల్ని పశువుల్లా అమ్మడం ఇకమీదట కూడదని తీర్మానం చేసింది. నాకు వీటన్నిటికన్నా ఇష్టమైంది ఓ చిన్న కథ. ఒకసారి గుర్రమ్మీద వెళ్తుంటే, వేటకుక్కలు తరుముతున్న కుందేలు వచ్చి ఈయన గుర్రం కాళ్ల మధ్య దూరిందట. కుక్కలు చుట్టూ మొరుగుతున్నాయి, వెనకాల వస్తున్న వాళ్లు నవ్వుతున్నారు, ఈయన మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుని, కుక్కల్ని ఆపించి, కుందేలుని పొలంలోకి పోనిచ్చి గానీ కదల్లేదట. పేరు అర్థం ఏమిటని రేపు మీవాడు అడిగితే నిఘంటువు తియ్యకండి, ఇది చెప్పండి.

1109 ఏప్రిల్ 21న పోయాడు కాబట్టి కాథలిక్కుల క్యాలెండర్లో ఆ రోజు అన్సెల్మ్‌ల నామదినం, ఆ పేరున్నవాళ్ల పండగ. మతం మాటకొస్తే, ఇప్పటి జర్మనీలో ఈ పేరు పెట్టినంత మాత్రాన మతం తీసుకున్నట్టు ఎవరూ అనుకోరు. కాథలిక్కు ఛాయ ఉంది, లేదనను. ఆ ఛాయ మన దేశంలో ఇంకాస్త ఎక్కువ, గోవా, మంగళూరు కాథలిక్కుల్లో అన్సెల్మ్ వినపడే పేరే. కాబట్టి నలుగురిలో ఎవరైనా "మీవాళ్లు కన్వర్ట్ అయ్యారా" అని అడుగుతారు, తప్పదు. "మా మనవడి ముత్తాత పేరండీ" అని చెప్పడం మీ నాన్నగారికి ఇప్పట్నుంచే అలవాటు చెయ్యండి, ఆ జవాబుకి ఎదురు ప్రశ్న ఉండదు.

అసలు నాకు నవ్వొచ్చింది ఇక్కడే. మీ ఆయన కోరుతున్నది జర్మన్ కోరికేం కాదు, పదహారణాల తెలుగు కోరిక, తాత పేరు ఇంటి బిడ్డకి పెట్టడం. మన ఇళ్లల్లో ఇదెంత గట్టిగా ఉండేదంటే, మామగారి పేరు నోటితో అనకూడదు గనక కన్నతల్లి తన కొడుకునే పేరు పెట్టి పిలవలేక అబ్బాయి, నాయన, బుజ్జి అని బతికేసింది. ఎంతమంది బుజ్జిలూ చంటిలూ అలా తయారయ్యారో లెక్కేలేదు.

ఎవరైనా పెట్టుకుంటున్నారా అని కదా. చాలా తక్కువ. వీస్‌బాడెన్‌లో ఉన్న జర్మన్ భాషా సంఘం ఏటా ఎక్కువమంది పెట్టిన పేర్ల పట్టిక విడుదల చేస్తుంది, అందులో పైన ఈమధ్య కనపడేవి నోవా, మత్తేయో, ఎలియాస్, లేయోన్. చూడండి, ఒక్కటీ జర్మానిక్ కాదు, బైబిలుదో, గ్రీకో, లాటినో, ఇటలీ పలుకుబడో. పట్టికలో జర్మానిక్ పేర్లు ఉన్నా పరాయి చొక్కా తొడుక్కుని ఉంటాయి, హైన్రిష్ అంటే తాతల పేరు అని మొహం తిప్పుకుని అదే పేరుని ఇంగ్లీషు వేషంలో హెన్రీ అని పెట్టుకుంటారు, లుడ్విగ్‌ని వదిలేసి లూయీ అంటారు. మనవాళ్లు సుబ్బారావుని వదిలేసి శుభాంక్ అన్నట్టు. కాబట్టి మీ ఆఫీసు అమ్మాయిలు అన్నది నిజమే గానీ, తాతల పేర్లు మనవల దగ్గరికి చక్కర్లు కొట్టి వస్తూనే ఉంటాయి, అక్కడ ఎమిల్, అంటోన్ అలాగే తిరిగొచ్చాయి. అన్సెల్మ్ ఇంకా రాలేదు, వస్తుందని నాకు నమ్మకం కూడా లేదు. స్కూల్లో మీవాడి క్లాసులో వాడొక్కడే అన్సెల్మ్ ఉంటాడు, రాసిపెట్టుకోండి.

అయితే అరుదు అనేది ఒకటి, అనామకం అనేది ఒకటి. ఈ పేరు విన్న జర్మన్‌కి గుర్తొచ్చే మనుషులున్నారు. 1829లో పుట్టిన చిత్రకారుడు అన్సెల్మ్ ఫాయర్‌బాఖ్. ఆయన తాత పేరులోనూ అన్సెల్మ్ ఉంది, ఆ పెద్దాయన న్యాయశాస్త్రవేత్త, 1813 బవేరియా శిక్షాస్మృతి ఆయన చేతిదే. చట్టం ముందే చెప్పని నేరానికి శిక్ష లేదు అనే సూత్రాన్ని ఇప్పుడు అందరూ చెప్పుకునే లాటిన్ మాటల్లో పెట్టింది ఆయనే, మన రాజ్యాంగం 20వ అధికరణంలో మొదటి క్లాజు కూడా ఆ సూత్రమే. బతికున్నవాళ్లలో అన్సెల్మ్ కీఫర్, సీసం, గడ్డి, బూడిద కలిపి గోడంత బొమ్మలు చేసే ఆయన, 1945లో మీకు దగ్గర్లోనే డోనావ్‌ఎషింగెన్‌లో పుట్టాడు, మీ ఫ్రైబుర్గ్‌లోనే లా చదవబోయి మానేసి బొమ్మల్లోకి పోయాడు. మీ అత్తగారి వైపు వాళ్లకి ఈ పేరు వింటే ముసలితనం కాదు, పుస్తకాలున్న ఇల్లు గుర్తొస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. పేరునిబట్టి మనం కులం పసిగట్టినట్టు వాళ్లు అంతస్తు పసిగడతారు. 2009లో ఓల్డెన్‌బుర్గ్ యూనివర్సిటీ వాళ్లు ప్రైమరీ టీచర్లని అడిగి చూస్తే, కెవిన్ అనే పేరు చూడగానే పిల్లాడు అల్లరివాడనీ చదవడనీ చాలామంది అనుకుంటున్నట్టు తేలింది, పాపం పిల్లాణ్ణి చూడకుండానే. ఆ తూకంలో అన్సెల్మ్‌కి మొగ్గు ఎక్కువే. నాకా తూకం నచ్చదు, కానీ ఉంది.

ఏడిపిస్తారా? ఏడిపిస్తారు, ఏ పేరుని వదిలారని. జర్మన్‌లో అమ్‌జెల్ అని ఒక పిట్ట, నల్లటి ఒళ్లు, నారింజరంగు ముక్కు, వేసవి ముందు తెల్లారగట్ల ఇంటి కప్పు మీద కూర్చుని కూసేది, మీరు వినే ఉంటారు. పిల్లలకి ఆ పోలిక దొరక్కుండా పోదు. ఇక సెలవుల్లో రాజమండ్రి వస్తే బావమరదళ్లు "సెల్లుగాడు" అంటారు, చార్జింగ్ అయిపోయిందా అంటారు. ఈ రెండూ తట్టుకోదగ్గవే. మధురమైన కూత ఉన్న పిట్ట, అందరి చేతిలో ఉండే ఫోను, ఇంతకన్నా ఘోరమైన వెక్కిరింతలతో పెరిగినవాళ్లం మనం.

కాగితాల సంగతి మాత్రం జాగ్రత్త. అక్కడ వరసలో మొదట రాసిన పేరునే ఆఫీసులూ ఆసుపత్రులూ పట్టుకుంటాయి. మా అన్నయ్య కొడుక్కి ముందు వెంకట అనీ చివర వాడుక పేరూ ఉన్నాయి, పై చదువుకి వెళ్లిన చోట ప్రొఫెసర్ దగ్గర్నుంచి హాస్టల్ వాచ్‌మన్ దాకా మిస్టర్ వెంకట అని పిలిచారు, రెండేళ్లూ వాడు సగంసార్లు పలకలేదు, పొగరనుకున్నారు. కాబట్టి రోజూ పిలవబోయే పేరే ముందు రాయించండి. బిడ్డ పుట్టిన వారంలోపు జనన నమోదు కార్యాలయంలో చెప్పాలి, పేరు తేలకపోతే నెల దాకా గడువుంటుంది. పేర్ల వరస మార్చుకునే వీలు 2018 నవంబరు నుంచి వచ్చింది గానీ దానికోసం మళ్లీ తిరగడం ఎందుకు. రెండో పేరుగా తెలుగు పేరు పెడితే కుదరదంటారేమోనని భయపడకండి. ఓ ఆడపిల్లకి కిరణ్ అని పెడితే, అది ఆడపేరో మగపేరో తెలియట్లేదని నమోదు దగ్గర అభ్యంతరం పెట్టారు, ఆ కేసు కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ కోర్టు దాకా వెళ్లి 2008 డిసెంబరులో తల్లిదండ్రులు గెలిచారు. జర్మనీ పేర్ల చట్టాన్ని కదిలించింది మన కిరణ్, ఆలోచించండి.

నా మాట అడిగారు గనక, అన్సెల్మ్ ముందు పెట్టండి, పక్కన మీ నాన్నగారి పేరో మీ తాతగారి పేరో పెట్టండి, మధ్యలో గీత పెట్టకుండా. వాళ్ల తాత వచ్చినప్పుడు మీ తాత ఎందుకు రాకూడదు? మీ ఆయన ఒప్పుకోవాల్సింది ఈ ఒక్కటే, ఇది బేరం కాదు, న్యాయం. అయితే సంతకం పెట్టేలోపు ఓ పని చెయ్యండి. ఇద్దరూ చెరో గదిలో నిలబడి ఆ పేరుతో గట్టిగా పిలుచుకోండి. మనం దూరాన ఉన్నవాణ్ణి పిలిస్తే చివరి అక్షరం సాగదీస్తాం, శీనూ, రాజూ, రవీ అని. ఈ పేరు చివర పెదాలు మూతపడిపోతాయి, సాగదు. మీ ఆయన మొదటి అక్షరాన్ని సాగదీస్తారు, మీకది చేతకాదు, నాలుగు రోజులు పోయాక మీ నోటికి ఏదో ఒక పొట్టి రూపం వస్తుంది, సెల్మూ అనో అన్సూ అనో. అది మీకు వినసొంపుగా ఉంటే పేరు మీదైనట్టే. అలా ఏదీ రాకపోతే, పదిరోజులైనా ఆ పేరు అప్పుతెచ్చుకున్న చొక్కాలా అనిపిస్తే, వరస తిప్పెయ్యండి, తెలుగు పేరు ముందు, అన్సెల్మ్ రెండోది. తాతగారికి దానివల్ల లోటేం రాదు.

బాలసారె చేస్తారు కదా, నక్షత్రం కృత్తిక మొదటి పాదం పడితే "అ" అక్షరమే వస్తుంది, అప్పుడు పురోహితుడితో పేచీ కూడా ఉండదు. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసేది మీ ఆయనే గనక ఇప్పట్నుంచి తెలుగు అక్షరాలు దిద్దించండి. ల కింద మ ఒత్తు, పైన పొల్లు, ఆయనకి అక్కడే చెమటలు పడతాయి, పళ్లెం కాస్త పెద్దది తీసుకోండి.